శాలువా కోసం మార్చిన శనివారం

ఆ రోజు బల్ల దగ్గర నేనన్న మాట అబద్ధం కాదు. "కాలెండర్‌లో శుక్రవారం అనే ఉంది" అన్నాను. నిజంగానే ఉంది. చెప్పకుండా వదిలేసింది ఒక్కటే. అంతకుముందు అక్కడ శనివారం ఉండేది, దాన్ని శుక్రవారం చేసింది నేనే, చేసినట్టు చెప్పాల్సినవాళ్లకి చెప్పలేదు. ఒక్కటే అన్నాను గానీ చూస్తే మూడున్నాయి. అన్నేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ని, నా తప్పుల దగ్గరికి వచ్చేసరికి కూడిక రాదు.

ఈమధ్య మన పిల్లలు కొందరు ఇక్కడ అమెరికా హైస్కూళ్లలో టీచర్లుగా, కోచ్‌లుగా చేరుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి మొన్న ఇంటికొచ్చి, "అంకుల్, మీరు ఇన్ని ఇయర్స్ చేసి రిటైర్ అయ్యారు కదా, మాకు యూజ్ అయ్యేది ఏదైనా రాయండి" అంది. గెలిచిన కప్పుల గురించి రాస్తాననుకుని ఉంటుంది పాపం. గెలిచిన కథలన్నీ స్కూలు గోడల మీద పలకల్లో ఉన్నాయి, ఎప్పుడైనా వెళ్లి చదువుకోవచ్చు. ఇది గోడెక్కని కథ.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకి అది ఎన్నడూ అర్థం కాలేదు. మా ఊరు నేపర్‌విల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా మొదటి ప్రశ్న "ఏ కంపెనీ అండీ?" అనేదే. "ఇక్కడికి అరగంట దూరంలో ఒక హైస్కూల్లో అథ్లెటిక్ డైరెక్టర్ని" అనేవాణ్ని. ఎదుటిమనిషి ప్లేటులో బిర్యానీ కలుపుతూ కాసేపు ఆలోచించి, "అంటే... డ్రిల్లు మాస్టారా?" అనేవాడు. కాదండీ, స్కూల్లో అన్ని ఆటల జట్లూ, కోచ్‌లూ, మైదానాలూ, బస్సులూ నా కిందే, అని నేను మొదలుపెట్టేలోపు అతను గ్రీన్ కార్డు కబుర్ల గుంపులోకి జారిపోయేవాడు. లెక్కల టీచరుగా ఈ దేశం వచ్చాను. కాలేజీలో ఆడిన బ్యాడ్మింటన్ పుణ్యమా అని ఆడపిల్లల జట్టుకి కోచ్‌నయ్యాను. ఆ తర్వాత ఈ కుర్చీ దొరికింది. బయట ఎవరూ పట్టించుకోని కుర్చీ, నాకు మాత్రం సింహాసనం.

ఆ సింహాసనం మీద ఇంకో కిరీటం కూడా పెట్టారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే కాన్ఫరెన్స్ అంటే ఏమిటో తెలియాలి. చుట్టుపక్కల ఎనిమిది హైస్కూళ్లు కలిసి కట్టుకున్న కూటమి అది. ఫుట్‌బాల్ నుంచి బ్యాడ్మింటన్ దాకా ఏడాది పొడుగునా వాటిలో అవే పోటీపడతాయి, చివరికి ఒకటి కాన్ఫరెన్స్ చాంపియన్ అవుతుంది. దానికి సొంత ఆఫీసు లేదు, జీతం తీసుకునే మనిషి లేడు. ఎనిమిది మంది అథ్లెటిక్ డైరెక్టర్లు నెలకోసారి ఒక పాన్‌కేక్ హోటల్ వెనక గదిలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని, సిరప్ అంటిన వేళ్లతో అన్నీ తేలుస్తారు. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, ఎవరి జిమ్‌లో ఆడాలి, ఆఖరి టోర్నమెంట్ ఈసారి ఎవరి వంతు, అన్నీ అక్కడే. పెద్ద తగాదా అయితే ప్రిన్సిపాళ్ల దాకా వెళ్తుంది గానీ, వాళ్లకీ ఆ బల్ల మాటే మాట. మొత్తం ఒకరి మీద ఒకరికున్న నమ్మకంతో నడిచే సంసారం.

ఆ ఎనిమిది మందిలో వంతులవారీగా ఒకరు సెక్రటరీ అవుతారు. అందరి కాలెండర్ అతని చేతిలో ఉంటుంది. వానొచ్చి, మంచు పడి ఏదైనా మ్యాచ్ వాయిదా పడితే, రెండు స్కూళ్లూ కొత్త తేదీ ఒప్పుకోవాలి, సెక్రటరీ దాన్ని కాలెండర్‌లో ఎక్కించి అందరికీ తెలియజేయాలి. నా వంతు వచ్చిన ఏడాది నేను చాలా దర్జాగా సెక్రటరీని అయ్యాను. నా ముందున్నాయన మెతకమనిషి, నేను గట్టిమనిషినని అందరికీ తెలియాలి కదా. అందుకని ఒక కొత్త రూల్ ప్రతిపాదించాను. చెప్పిన రోజుకి రాని జట్టు ఆ మ్యాచ్ ఓడిపోయినట్టు రాస్తారు, దాన్ని ఫోర్‌ఫిట్ అంటారు. ఒక సీజన్‌లో రెండు ఫోర్‌ఫిట్లు పడ్డ జట్టు మరుసటి ఏడాది కాన్ఫరెన్స్‌లో ఆడకూడదు. ఇదీ రూలు. బల్ల చుట్టూ అందరూ చేతులెత్తారు. నేను కాఫీ ఇంకో కప్పు తెప్పించుకున్నాను.

మా ఎనిమిదింటిలో ఒకటి చాలా చిన్న స్కూలు. ఆ ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కుటుంబాలు వెళ్లిపోయాయి, పిల్లలు తగ్గిపోయారు. దాని బ్యాడ్మింటన్ కోచ్ వ్యాయామం టీచరు, నాకంటే పదేళ్లు పెద్ద. ఇక్కడ కోచ్‌లందరూ ఒకరినొకరు "కోచ్" అనే పిలుచుకుంటారు. ఇంగ్లిష్‌లో ఇద్దరం ఒకరికొకరం 'యూ' నే. తెలుగులో రాస్తుంటే మాత్రం ఆవిడకి 'మీరు' అని తప్ప రాయబుద్ధి కావట్లేదు. జట్టు నిండడానికి సరిపడా పిల్లలుండరు ఆవిడకి. క్యాంటీన్‌లో భోజనాల వరసలో నిలబడి, కనిపించిన ప్రతి పిల్లనీ "రాకెట్ పట్టుకుంటావా?" అని అడిగేదట. స్కూలు చిన్న బస్సుని తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేది. ఓడిపోయి, నవ్వుతూ, అరటిపళ్లు పంచుతూ వెళ్లేది.

నేను కోచ్‌గా ఉన్న రోజుల్లో ఒకసారి వాళ్ల బస్సు మా స్కూల్లో చెడిపోయింది. మెకానిక్ వచ్చేదాకా ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. మాటల్లో ఆవిడ వాళ్లమ్మ గురించి చెప్పింది.

"నా వయసులోనే మొదలైంది కోచ్, మా అమ్మకి. ముందు తారీఖులు మర్చిపోయింది. తర్వాత మనుషుల పేర్లు. చివరికి నన్ను. నాకు ఎప్పుడైనా తారీఖు గుర్తురాకపోతే గుండె ఝల్లుమంటుంది."

"మీకేం కాదు కోచ్" అన్నాను. డాక్టర్ని కాదు, జ్యోతిష్కుణ్ని కాదు, అయినా అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను గుర్తుంచుకుని కూడా గుర్తులేనట్టు ఉన్నాను.

నేను సెక్రటరీగా ఉన్న ఆ వసంతంలో, సీజన్ మొదట్లో ఆవిడ జట్టులో సగం మందికి ఫ్లూ వచ్చి ఒక మ్యాచ్‌కి రాలేకపోయారు. ఒక ఫోర్‌ఫిట్ పడింది. తర్వాత మా జిమ్‌లో మా రెండు స్కూళ్ల మ్యాచ్ ఉన్న రోజున, చలి పోయిందనుకున్నాక మంచు దంచికొట్టింది. వాయిదా. నేనే ఆవిడకి ఫోన్ చేశాను.

"శనివారం పొద్దున కుదురుతుందా కోచ్?"

"కుదురుతుంది. శనివారమైతే బస్సు కూడా ఖాళీ. పిల్లలకి చెప్తాను, బోర్డు మీద పెద్దగా రాస్తాను."

కాలెండర్‌లో శనివారం ఎక్కించాను. అందరికీ నోటీసు వెళ్లింది. అంతా పద్ధతిగా జరిగింది.

బుధవారం సాయంత్రం మన తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్. "అన్నయ్యా, ఈ శనివారం మన ఉగాది ప్రోగ్రాం కదా. కమిటీలో అనుకున్నాం, ఈసారి డాక్టర్లు, ఐటీ వాళ్లే కాకుండా డిఫరెంట్‌గా ఒకరిని సన్మానిద్దామని. ఎనిమిది స్కూళ్లకి మన తెలుగువాడు సెక్రటరీ అంటే మాటలా! పొద్దున పది గంటలకల్లా స్టేజీ మీద ఉండాలి. శాలువా, జ్ఞాపిక, రెండు మాటలు మాట్లాడటం."

"అబ్బే, నాకెందుకండీ ఇవన్నీ" అన్నాను. మన భాషలో దానికి 'తప్పకుండా వస్తాను' అని అర్థం.

ఫోన్ పెట్టేశాక నా భార్యకి చెప్పాను. ఆవిడ పప్పు పోపు పెడుతూ వెనక్కి తిరగకుండానే, "శనివారం పొద్దున మ్యాచ్ ఉందన్నారుగా?" అంది.

"చూస్తాను. మా కోచ్ అమ్మాయి చూసుకోదా?"

"ఆ అమ్మాయి చూసుకుంటే మీరెందుకు చూడాలి మరి?"

అసలు చిక్కు అక్కడే ఉంది. మా జట్టు కోచ్ అమ్మాయి ఆ ఏడే కొత్తగా చేరింది. సొంత జిమ్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్ జరిగితే అథ్లెటిక్ డైరెక్టర్ ఉండి తీరాలి. ఈ రూలు మాత్రం నాది కాదు, నా ముందే ఉంది. రెండు దార్లున్నాయి. ఆవిడకి ఫోన్ చేసి "కోచ్, నాకు సన్మానం ఉంది, రోజు మారుద్దామా?" అని అడగొచ్చు. లేదా సన్మానం మానుకోవచ్చు. రెండోది నాకు తట్టనే లేదు. మొదటిది సిగ్గనిపించింది. రూల్స్ రూల్స్ అని అరిచే సెక్రటరీ, శాలువా కప్పించుకోవడానికి మ్యాచ్ మార్చమని అడిగాడని పాన్‌కేక్ బల్ల దగ్గర నవ్వుకుంటారు కదా.

గురువారం ఆఫీసులో కాలెండర్ తెరిచి శనివారాన్ని శుక్రవారం సాయంత్రం చేశాను. రెండు స్కూళ్లూ ఒప్పుకోవాలి, సెక్రటరీ ఎక్కించాలి. ఒక స్కూలూ నేనే, సెక్రటరీనీ నేనే, మిగిలిన స్కూలుకి రేపు పొద్దున ఫోన్ చేసి చెబితే సరిపోతుందనుకున్నాను. సేవ్ చేయబోతే, 'అందరికీ నోటీసు పంపాలా?' అని ఒక చిన్న గడి, అందులో టిక్. నోటీసు వెళ్తే మిగతా ఏడుగురూ చూస్తారు, ఎందుకు మారిందని ఒకరైనా అడుగుతారు. ఆ టిక్ తీసేశాను. ఒక వేలు, ఒక క్లిక్కు. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అతి తేలికైన పని అదే. మా కోచ్ అమ్మాయికి మాత్రం, 'మ్యాచ్ శుక్రవారం సాయంత్రానికి మారింది, వాళ్లకి నేను చెప్తాను' అన్నాను.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేద్దామని కూర్చుంటే కార్యదర్శి నుంచి మెసేజ్: "అన్నయ్యా, మీ పరిచయం పంపండి, యాంకర్‌కి ఇవ్వాలి." రాయడం మొదలుపెట్టాను. 'క్రీడారంగంలో విశేష కృషి' బాగుందా, 'అవిరళ కృషి' బాగుందా? మధ్యాహ్నం భోజనం మానేసి 'అవిరళ' దగ్గర ఆగిపోయాను. రెండు మాటలు మాట్లాడమన్నారని రెండు పేజీలు రాశాను. అందులో 'క్రమశిక్షణ' అనే మాట నాలుగుచోట్ల వచ్చింది.

సాయంత్రం మా కోచ్ అమ్మాయి ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. "నెట్లు కట్టాం, మన పిల్లలు వార్మప్ కూడా అయిపోయారు. వాళ్ల బస్సు రాలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. అక్కడే చెప్పేయొచ్చు, "అయ్యో, నా పొరపాటు, నేను వాళ్లకి చెప్పలేదు, పిల్లల్ని ఇంటికి పంపేయ్" అని. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను గోడ గడియారం వైపు చూసి, చాలా గంభీరంగా, "అరగంట చూడండి. రాకపోతే ఫోర్‌ఫిట్ రాసేయండి" అన్నాను. గట్టిమనిషిని కదా.

ఆ రాత్రైనా ఆవిడకి ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పాల్సింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. చేస్తే "రేపే కదా మ్యాచ్?" అంటుంది. అప్పుడు మార్చానని ఒప్పుకోవాలి. ఏమో, కాలెండర్ చూసుకునే ఉంటుందేమో, ఏదో ఇబ్బందుండి రాలేదేమో, అని నాకు నేను ఒక కథ చెప్పుకుని, కుర్తా ఇస్త్రీ చేసుకున్నాను.

శనివారం పొద్దున స్టేజీ మీద యాంకర్ నా పరిచయం చదివింది. 'అవిరళ' దగ్గర తడబడి, ఆ తర్వాత ఉత్సాహం ఆపుకోలేక, "అమెరికా క్రీడా శాఖలో ఉన్నతాధికారి అయిన..." అంది. దిద్దాలనిపించలేదు. శాలువా కప్పారు. గంధం రంగు, జరీ అంచు. చప్పట్లు కొట్టారు. నన్ను డ్రిల్లు మాస్టారా అని అడిగినాయన మూడో వరసలో కూర్చుని ఫోన్‌తో ఫొటో తీశాడు. అది చాలనిపించింది ఆ క్షణంలో.

స్టేజీ వెనక్కి వచ్చి ఫోన్ చూసుకుంటే ఆవిడ వాయిస్ మెసేజ్ ఉంది.

"కోచ్, మేం వచ్చాం. మీ జిమ్ తాళం వేసి ఉంది. పార్కింగ్‌లో ఒక్క కారు కూడా లేదు. పిల్లలు చలికి బస్సులో ముడుచుకుని కూర్చున్నారు. నేను... రోజు పొరపాటు పడ్డానా? కాస్త ఫోన్ చెయ్యి."

రెండోసారి విన్నాను. 'నేను' అన్నాక ఒక చిన్న విరామం ఉంది. ఆ విరామం ఏమిటో నాకు తెలుసు. మెట్ల మీద విన్నాను కదా.

అప్పుడే కార్యదర్శి ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నయ్యా, ఏమీ అనుకోకండి. ప్లాటినం స్పాన్సర్ గారు సడన్‌గా వచ్చారు, శాలువా ఒకటి తక్కువైంది. కాస్త మీది ఇస్తారా? మళ్లీ తెప్పించి ఇంటికి పంపిస్తాం."

మడతపెట్టి ఇచ్చాను. మళ్లీ రాలేదు అది. జ్ఞాపిక ఉంది, అందులో నా ఇంటిపేరు తప్పు.

సాయంత్రం ఆవిడకి మెసేజ్ పెట్టాను: "మ్యాచ్ నిన్న శుక్రవారం. కన్‌ఫ్యూజన్‌కి సారీ." ఎవరి కన్‌ఫ్యూజన్? ఎవరి సారీ? అది క్షమాపణలా కనిపించే ఒక తలుపు, నేను దాని వెనక నిలబడి గడియ పెట్టుకున్నాను.

తర్వాతి బుధవారం బల్ల దగ్గర మీటింగ్. రెండో ఫోర్‌ఫిట్ కాబట్టి ఆవిడ జట్టు సంగతి తేల్చాలి. మామూలుగా కోచ్‌లు ఆ మీటింగ్‌కి రారు. ఆవిడ వచ్చింది, వాళ్ల డైరెక్టర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ కూడా వద్దంది.

"నాకు శనివారం అని గుర్తు" అంది. "ఫోన్‌లో శనివారం అనుకున్నాం. బోర్డు మీద నేనే రాశాను."

ఆ బల్లకి పెద్దలాంటాయన ఒకరున్నారు, అందరికంటే సీనియర్ డైరెక్టర్. ఆయన నా వైపు తిరిగి, "కాలెండర్‌లో ఏముంది?" అన్నాడు.

లాప్‌టాప్ అందరి వైపూ తిప్పాను. "కాలెండర్‌లో శుక్రవారం అనే ఉంది."

ఫోర్కులు ఆగాయి. శనివారమని వెళ్లిన పాత నోటీసు, రోజూ వచ్చే డజను నోటీసుల కింద డైరెక్టర్లెవరికీ గుర్తులేదు. ఆవిడ ముందుకు వంగి తెర వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అనుమానంతో కాదు. అనుమానపడి ఉంటే బాగుండేది, పోట్లాడి ఉంటే నేను ఒప్పుకునేవాణ్నేమో. సాయం అడుగుతున్నట్టు చూసింది, 'మనం శనివారం అనుకోలేదా?' అన్నట్టు. నేను కాఫీలో పంచదార కలుపుతున్నాను. నేను పంచదార మానేసి అప్పటికి నాలుగేళ్లు.

"అయితే నేనే పొరపాటు పడి ఉంటాను" అంది ఆవిడ నెమ్మదిగా. "అందరికీ సారీ. నా పిల్లల తప్పేం లేదు. నా మతిమరుపే."

రూలు ప్రకారం చేతులెత్తారు. నేనూ ఎత్తాను. మరుసటి ఏడాది ఆ జట్టు ఆడలేదు. ఒక ఏడాది ఆగిన జట్టుకి పిల్లల్ని మళ్లీ కూడగట్టడం ఆ చిన్న స్కూలు వల్ల కాలేదు, బ్యాడ్మింటన్ అక్కడ పోయింది. ఆవిడ ఆ వేసవిలోనే రిటైర్ అయింది. "ఇక తారీఖులు చూసుకోవడం నావల్ల కాదు" అందని వాళ్ల డైరెక్టర్ ఎప్పుడో చెప్పాడు. నేను "అయ్యో" అన్నాను.

ఆ తర్వాతి ఏళ్లలో నేను బాగానే ఉన్నాను. అదే చెప్పలేనంత సిగ్గు. నిద్ర పట్టింది, ఆకలేసింది, ప్రమోషన్ అడిగాను. ఎప్పుడైనా కాలెండర్‌లో ఆ గడి కనిపిస్తే మాత్రం టిక్ ఉందో లేదో అని రెండుసార్లు చూసేవాణ్ని. దాన్నే పశ్చాత్తాపం అనుకుని సరిపెట్టుకున్నాను.

పోయినేడు నా భార్య తండ్రి, మా మామయ్య, కరీంనగర్ నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైర్ అయిన మనిషి, ఇంట్లో కూర్చోలేరు. నా భార్య ఆయన్ని దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లు ఆడే బ్యాడ్మింటన్‌కి చేర్చింది. వారం తిరక్కుండా ఆయనకి జోడీ దొరికింది.

"అల్లుడూ, ఒక మేడమ్ ఉన్నది. ఏం ఆడుతది! నాకు ఇంగ్లిష్ రాదు, ఆమెకి తెలుగు రాదు, గని డబుల్స్‌ల మమ్ముల ఎవ్వడు కొట్టలేడు. ఒక్కటే పరేషాన్ ఆమెకి. ఆట అయినంక కౌంటర్ కాడికి పోయి, 'రేపు హాలు ఉన్నదా?' అని అడుగుతది. మళ్ల పొద్దుగూకి ఫోన్ చేసి అడుగుతదంట. పొద్దుగాల్ల మళ్ల అడుగుతదంట. ఆ పిల్లగాండ్లు నవ్వుతరు. నాకు పాపమనిపిస్తది. నేను 'నో టెన్షన్ మేడమ్' అంట. ఆమె నవ్వుతది, గని మళ్ల అడుగుతది."

"ఏం పని చేసేదో చెప్పిందా మామయ్యా?" అన్నాను.

"స్కూల్ల టీచరంట. అందరు కోచ్ అంటరు."

నా భార్య చేతిలో పని ఆపి నా వైపు చూసింది. ఆ శనివారం సంగతి ఆవిడకి నేనెన్నడూ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు చెప్పాను, వాళ్ల నాన్నగారి ముందే. అంతా విని, "శాలువా కావాలంటే నేను కప్పేదాన్నిగా. అల్మరా నిండా ఉన్నాయి" అంది. పని మళ్లీ అందుకుంటూ, "వెళ్లి చెప్పండి" అంది. మర్నాడు పొద్దున మామయ్య తన రాకెట్‌తో పాటు నా బూట్లు కూడా గుమ్మం దగ్గర పెట్టారు.

హాల్లో ఆవిడ నన్ను చూసి, "కోచ్!" అని చేతులు చాపింది. జుట్టంతా తెల్లబడింది, చేతి వడి మాత్రం తగ్గలేదు. పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఒక్క విషయమూ దాచలేదు. నోటీసు గడితో సహా చెప్పాను.

ఆవిడ రాకెట్ తీగల్ని వేళ్లతో ఒక్కొక్కటే సర్దింది.

"ఎందుకు మార్చావు?"

"శాలువా కోసం." శాలువా సన్మానం అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చింది. ఏ భాషలో చెప్పినా అది చిన్నగానే ఉంది.

"ఉందా ఇంకా?"

"లేదు. ఆ పూటే వెనక్కి తీసుకున్నారు. స్పాన్సర్‌కి తక్కువైందని."

ఆవిడ ఫక్కున నవ్వింది. కోర్టులో ఆడేవాళ్లు ఇటు తిరిగేంత గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నేను డాక్టర్ల దగ్గరికి తిరిగాను, తెలుసా. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. అన్నీ సరిగ్గానే చెప్పాను. ఏం లేదన్నారు. నేను నమ్మలేదు. అదే నిజమైతే ఆ శనివారం సంగతేంటి అనుకున్నాను. మా అమ్మలా అయిపోతున్నానని నా కూతురి దగ్గర ముందే సెలవు తీసుకున్నంత పని చేశాను."

"కోచ్, నేను..."

చెయ్యెత్తి ఆపింది. "ఇక్కడ కాదు. నేను ఆ బల్ల దగ్గర సారీ చెప్పాను, అందరి ముందూ. నువ్వూ అక్కడే చెప్పు."

నేను రిటైర్ అవడానికి ముందు ఆఖరి మీటింగ్ ఆ మరుసటి నెలలోనే ఉంది. ఆవిడ వచ్చింది. మామయ్యని కూడా తీసుకొచ్చింది, ఆయన సూటు వేసుకున్నారు. బల్ల చుట్టూ సగం మంది కొత్త డైరెక్టర్లు. వాళ్లు నాకు వీడ్కోలు పలక ఒకటి తయారుచేసి పక్కన పెట్టుకున్నారు. నేను లేచి, "అది ఇచ్చే ముందు ఒక మాట" అన్నాను. సన్మాన ప్రసంగం అనుకుని అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. విషయం మొదలుపెట్టగానే ఒక కుర్ర డైరెక్టర్ సిరప్ పోసుకుంటూ పక్కవాడితో, "బ్యాడ్మింటన్ గురించా?" అన్నాడు. ఆ రోజు కాలెండర్‌లో ఏముందని అడిగిన సీనియర్ మాత్రం ఫోర్కు కింద పెట్టి, ఇక ముట్టలేదు.

ఈసారి రెండు పేజీలు రాసుకోలేదు. ఆవిడ ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. నేను అటు తిరిగాను.

"కోచ్, మీరు పొరపాటు పడలేదు. మనం అనుకున్నది శనివారమే. మీరు బోర్డు మీద రాసింది శనివారమే, పిల్లల్ని తీసుకొచ్చింది సరైన రోజుకే. మార్చింది నేను, చెప్పనిది నేను. ఫోర్‌ఫిట్ రాయాల్సింది మా స్కూలు పేరు పక్కన. మీరు ఈ బల్ల దగ్గర మీ మతిమరుపని ఒప్పుకుంటుంటే నేను కాఫీ కలుపుతూ కూర్చున్నాను. మీ అమ్మగారి సంగతి తెలిసి కూడా కూర్చున్నాను. మీకు అంతా సరిగ్గానే గుర్తుంది కోచ్. నన్ను క్షమించండి."